ఫోన్ చేతులెత్తేసే చోట.. తొలి కెమెరా

రవీంద్రభారతిలో కూచిపూడి అరంగేట్రం. తెర లేవగానే హాల్లో సగం చేతులు పైకి లేస్తాయి, ప్రతి చేతిలో ఓ ఫోను. పావుగంట గడిచేసరికి చాలావరకు దిగిపోతాయి. ఒకరి ఫోను స్టోరేజి నిండిందంటుంది. ఇంకొకరిది కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది. పదో వరసలో కూర్చున్న పెదనాన్న రెండు వేళ్లతో ఎంత లాగినా వేదిక మీది పిల్ల బొమ్మ పెద్దదవుతుందే గానీ ముఖం తేటపడదు. ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ముక్కూ కళ్లూ కలిసిపోయి ఒకటే ముద్ద. ఇంటికెళ్లి చూసుకుంటే నట్టువాంగం కంటే పక్క సీట్లో నలిగిన చిప్స్ ప్యాకెట్ చప్పుడే గట్టిగా వినిపిస్తుంది. ‘ఓ మంచి కెమెరా కొనుక్కుంటే పోలా’ అనే మాట చాలా ఇళ్లలో అలాంటి రాత్రే పుడుతుంది.

మర్నాడు కోఠీలోనో ఆబిడ్స్‌లోనో దుకాణం మెట్లెక్కాక అడిగే మొదటి ప్రశ్న మాత్రం రాత్రి పడ్డ ఇబ్బందుల్లో ఏ ఒక్కదానికీ సంబంధం లేనిది. ‘అన్నా, ఇది ఎన్ని మెగాపిక్సెల్?’

ఆ అంకె మీద ఇంత మోజు ఎందుకో గానీ, లెక్క చాలా చిన్నది. స్టూడియోలో కడిగించే 4×6 అంగుళాల ఫొటోకి అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకుంటే కావాల్సింది 1800×1200, అంటే 2 మెగాపిక్సెళ్ల పైచిలుకు. 8×12 అంగుళాల ఆల్బమ్ పేజీకి తొమ్మిది లోపే. వీడియోకైతే ఇంకా తక్కువ. ఫుల్ హెచ్‌డీలో ఒక ఫ్రేము 2 మెగాపిక్సెళ్లు, 4కెలో 8. కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాకి పట్టుమని 10 వేల పిక్సెళ్లే ఉండేవి. ఒక నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అప్పుడు ఆ అంకె పెరగడం నిజంగా పెద్ద సంగతి. ఇప్పుడు ప్రవేశ స్థాయి కెనాన్ 1500డీ కూడా 24 మెగాపిక్సెళ్లతో వస్తోంది. ఏ గోడకు వేలాడదీయాలన్నా చాలు.

కొనబోయేవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరు: జేబులో ఉన్న ఫోను చేయలేని పని ఏది ఈ పెట్టె చేస్తుంది? దానికి గట్టి జవాబు రాకపోతే డబ్బు బ్యాంకులో ఉంచుకోవడమే నయం. కెమెరా కంపెనీలకు ఈ ప్రశ్న ఎంత ప్రాణాంతకమైందో వాళ్ల అమ్మకాలే చెబుతాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల్లో 2010లో ప్రపంచమంతటికీ వెళ్లిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైమాటే. 2023లో 80 లక్షలు కూడా దాటలేదు. చైనాలోని వూషీలో కాంపాక్ట్ కెమెరాలు తయారుచేసే కర్మాగారాన్ని 2017లో మూసేస్తూ నికాన్ చెప్పిన కారణం స్మార్ట్‌ఫోనే. జేబులో పట్టే ఫ్లిప్ వీడియో కెమెరాను సిస్కో 2009లో 59 కోట్ల డాలర్లకు కొని, రెండేళ్లకే దుకాణం కట్టేసింది.

పోయినవన్నీ ఫోను చేసే పనినే చేసే కెమెరాలు. మిగిలినవి ఫోను చేతులెత్తేసే చోట నిలబడ్డవి. ఆ చోట్లు ముఖ్యంగా నాలుగు: మసక వెలుతురు, దూరం, గంటల తరబడి రికార్డింగు, వినపడే శబ్దం. ఒకే కెమెరా ఈ నాలుగూ బాగా చేసి, మధ్యతరగతికి అందే ధరలో దొరకడం జరగదు. కాబట్టి మన అవసరం వీటిలో ఏదో ముందే తేల్చుకుని వెళితే దుకాణదారు మాటలకు కొట్టుకుపోయే ప్రమాదం సగం తగ్గుతుంది.

వెలుతురు సంగతి తేలేది సెన్సర్ దగ్గర. లెన్సులోంచి వచ్చిన వెలుగు పడే ఆ చిన్న పలక ఎంత పెద్దదైతే అంత వెలుగు పోగవుతుంది. ఒకే వానలో పెట్టిన పళ్లెంలోనూ గ్లాసులోనూ చేరే నీళ్లు ఒకటి కాదు కదా. మామూలు కాంపాక్ట్‌లలో ఉండే 1/2.3 అంగుళం సెన్సర్ విస్తీర్ణం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ‘ఒక అంగుళం’ అని పిలిచేది 116. నికాన్, సోనీ ప్రవేశ స్థాయి మిర్రర్‌లెస్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ దాదాపు 366. కెనాన్‌ది కాస్త చిన్నది. పాత ఫిల్మ్ ముక్కంత ఉండే ఫుల్ ఫ్రేమ్ 864. పొద్దు వాలాక బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లను, ఒక్క బల్బు కింద సాగే వీధి నాటకాన్ని తీయాలనుకునేవాళ్లు మెగాపిక్సెళ్లకు బదులు ఈ అంకె అడగాలి. ఫోన్లు చాలా ఫ్రేములను కలిపి రాత్రి ఫొటోలను మెరిపిస్తున్న మాట నిజమే. కదలకుండా నిలబడిన గుడి గోపురం దగ్గర ఆ కిటుకు పనిచేస్తుంది. గిర్రున తిరుగుతున్న పిల్ల దగ్గర తేలిపోతుంది.

దూరం వేరే కథ. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద వాలిన గూడబాతులను, నేలపట్టు పక్షులను, తేలినీలాపురం కొంగలను గట్టు మీద నుంచి తీయాలంటే పెద్ద సెన్సర్ కంటే పొడుగు జూమ్ ముఖ్యం. పెద్ద సెన్సర్ కెమెరాకి అంత దూరం అందే లెన్సు కొనాలంటే కెమెరా ధర కంటే లెన్సు ధరే ఎక్కువవుతుంది. అందుకే విడదీయరాని పొడుగు జూమ్ లెన్సుతో వచ్చే బ్రిడ్జ్ కెమెరాలు ఇంకా బతికున్నాయి. నికాన్ పీ950కి 83 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 2000 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. సెన్సర్ మాత్రం ఆ 28 చదరపు మిల్లీమీటర్లదే. ఎండ ఉన్నంతసేపు పక్షి ఈకలు లెక్కపెట్టొచ్చు, పొద్దు గూకితే బొమ్మంతా ఇసక చల్లినట్టుంటుంది. ఇక పెట్టె మీద రాసి ఉండే ‘డిజిటల్ జూమ్’ అంకెను కన్నెత్తి చూడనక్కర్లేదు. ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేయడం దాని పని, దానికి ఫోను చాలు.

వీడియో కెమెరా విషయానికొస్తే మన దగ్గర దానికి పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు పెళ్లి వీడియో అంటే భుజం మీద పానాసోనిక్ ఎం సిరీస్ వీహెచ్ఎస్ కెమెరా, వెనకాల వైరు లాక్కుంటూ లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ లైటు వేడికి చెమట తుడుచుకునే పెళ్లికూతురు. సోనీ 1985లో తెచ్చిన హ్యాండీక్యామ్ పేరు గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే చుట్టాల పెట్టెల్లోంచి దిగి, మన ఇళ్లలో మొత్తం ఆ జాతి కెమెరాలకే పేరైపోయింది. 1995లో డిజిటల్ టేపు వచ్చింది. తర్వాతి దశకంలో తెలుగు వార్తా చానెళ్లు పెరుగుతున్న రోజుల్లో విలేకరుల చేతుల్లో సోనీ పీడీ170 కనిపించేది. ఆ వైభవానికి గండి పడింది 2008లో. ఆ ఏడాది నికాన్ డీ90, వెంటనే కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చి, ఫొటోల కెమెరాతోనే సినిమా లాంటి వీడియో తీయొచ్చని చూపించాయి. మూడేళ్లు తిరక్కముందే రామ్‌గోపాల్ వర్మ కెనాన్ 5డీతో, అతి చిన్న బృందంతో ఐదు రోజుల్లో ‘దొంగల ముఠా’ తీసి 2011లో థియేటర్లలోకి వదిలాడు. సినిమా ఎలా ఉందన్నది వేరే చర్చ. ఫొటో స్టూడియో వాళ్లూ, షార్ట్ ఫిల్ముల కుర్రాళ్లూ మాత్రం అందులో వాడిన కెమెరా గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

అలాగని క్యామ్‌కార్డర్‌ను పాత సామాన్ల వాడికి వేసేయనక్కర్లేదు. దాని పని దానికుంది. సోనీ సీఎక్స్405 లాంటి చిన్న హ్యాండీక్యామ్‌కి 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంటుంది, పానాసోనిక్ వీ180కి 50 రెట్లు. ట్రైపాడ్ మీద నిలబెట్టి బటన్ నొక్కితే కార్డు, కరెంటు ఉన్నంతసేపు తీస్తూనే ఉంటుంది. ఫొటోల కెమెరాలు చాలాకాలం 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర టక్కున ఆగిపోయేవి. సాంకేతిక కారణం కంటే యూరప్ సుంకాల వల్లే ఆ హద్దు బలపడింది: అరగంట దాటి రికార్డు చేసేదాన్ని అక్కడ వీడియో కెమెరా కింద లెక్కేసి ఎక్కువ పన్ను వేసేవారు. ఆ పన్ను తప్పించుకోవడానికి పెట్టిన హద్దు ప్రపంచమంతా పాకింది. 1500డీలో ఇప్పటికీ ఉంది. నికాన్ జెడ్30 లాంటి కొత్తవాటిలో రెండు గంటల దాకా పెరిగింది. అరంగేట్రాలు, హరికథలు, స్కూలు వార్షికోత్సవాలు మొదటి నుంచి చివరి దాకా తీసి ఉంచుకోవాలన్నదే కోరికైతే, క్యామ్‌కార్డర్ అంత నిశ్చింత మరొకటి ఇవ్వదు. దాని లోపం కూడా తెలిసుండాలి. సీఎక్స్405 సెన్సర్ 1/5.8 అంగుళం, మంచి ఫోన్లలో ఉండేదాని కంటే చాలా చిన్నది. వెలుగున్న వేదిక మీద ఫరవాలేదు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పుట్టినరోజు తీస్తే ఫోనే గెలుస్తుంది.

ఇక్కడే ఒక బోల్తా కూడా ఉంది. ఆన్‌లైన్‌లో ఐదారు వేలకే ‘4కె, 48 మెగాపిక్సెల్ వీడియో కెమెరా’ అంటూ, పైన మైకు, పక్కన తిరిగే తెర, రిమోటు, సంచీ అన్నీ కలిపి ఊరూపేరూ లేని బ్రాండ్లు ఊరిస్తుంటాయి. వాటిలో చాలావాటికి అసలు ఆప్టికల్ జూమే ఉండదు. 16 రెట్లని రాసింది డిజిటల్ జూమ్. చిన్న సెన్సర్ తీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో ఉబ్బించి 48 అంటారు. పిల్లాడికి బొమ్మగా ఇవ్వడానికైతే సరే, దాన్ని నమ్ముకుని చానెల్ పెడితే కష్టం.

చానెల్ మాట వచ్చింది కాబట్టి శబ్దం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తొలి కెమెరా కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ఇంటింటికీ చేరిందంటే అందులోని యాస, మాటకు మాట, ఆ తర్వాత వచ్చి కలిసిన గంగవ్వ గొంతు వల్ల. ఆ మాటలు గాలి హోరులో కలిసిపోతే ఎన్ని కె లున్నా చూసేవాడు ఉండడు. బొమ్మ కాస్త మసకగా ఉన్న వంటల వీడియోని జనం క్షమిస్తారు. ‘ఎంత ఉప్పు వేయాలందో’ వినపడకపోతే మాత్రం పక్క వీడియోకి పోతారు.

కెమెరా మీద ఉండే సొంత మైకు ముందుగా పట్టేది తీసేవాడి ఊపిరిని, లెన్సు తిరిగే చప్పుడునే. బయటి మైకు గుచ్చుకోవాలంటే కెమెరాకి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉండాలి. ‘డీఎస్ఎల్ఆర్ అంటే అన్నీ ఉంటాయి’ అనుకుని కొన్నవాళ్లు గుండె జారేది ఇక్కడే. ఎక్కువగా అమ్ముడుపోయిన కెనాన్ 1500డీకి, 3000డీకి, నికాన్ డీ3500కి ఆ జాక్ లేదు. ఫొటోలకు అవి ఇప్పటికీ మంచి కెమెరాలే. వీడియోకి మాత్రం వద్దు. పైగా 1500డీలో వీడియో తీస్తుండగా ఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటూ పోతుంది. నడిచొచ్చే మనిషిని వెంటాడలేదు. మాట్లాడే వీడియోలు తీయాలనుకునేవాళ్లు కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 వైపు చూడటం మేలు. మూడింటికీ మైకు జాక్ ఉంది, మూడింటి తెరా పక్కకు తెరుచుకుని ముందుకు తిరుగుతుంది, మూడూ ముఖాన్ని పట్టుకుని వదలవు. ఆర్50కి మాత్రం కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది. మిట్ట మధ్యాహ్నం పొలంలో నిలబడితే దాని విలువ తెలుస్తుంది. ఇంకా చౌకలో వచ్చే కెనాన్ ఆర్100కి మైకు జాక్ ఉంది గానీ తెర కదలదు, తాకితే పలకదు. తనను తాను తీసుకునేవాళ్లకు అది కుదరదు, ఇంకొకరిని తీసేవాళ్లకు ఫరవాలేదు.

ధరలు పండగ ఆఫర్లను బట్టి ఊగుతుంటాయి. స్థూలంగా 1500డీ, ఆర్100 వాటితోపాటే ఇచ్చే కిట్ లెన్సుతో రూ.40-50 వేల మధ్య, మిగిలిన మూడూ రూ.60-75 వేల మధ్య దొరుకుతుంటాయి. చేతిలో ఉన్న డబ్బంతా వీటికే పోసేయడం చాలామంది చేసే పని. రూ.60 వేలు ఉంటే 45 వేలు దాటకుండా కెమెరా, మిగిలింది చుట్టుపక్కల సరంజామాకి అనుకుంటే ఇంటికొచ్చిన రోజే పని మొదలవుతుంది. చొక్కాకి తగిలించుకునే బోయా ఎం1 మైకు వెయ్యి రూపాయలకు అటూఇటుగా వస్తుంది, తీగ 6 మీటర్లు. అదనపు బ్యాటరీ, ఊగని ట్రైపాడ్, ఒకటికి రెండు కార్డులు తప్పవు. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసే వేగం ఉన్నట్టు. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 64 జీబీ కార్డు గంటా ఇరవై అయిదు నిమిషాలకు నిండిపోతుంది. సగం ధరకే వస్తోందని ఎక్కడ పడితే అక్కడ కార్డు కొనడమంత తెలివితక్కువ పొదుపు లేదు. నకిలీ కార్డు పైకి 128 జీబీ అని చూపిస్తూ లోపల నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది. సంగతి బయటపడేది పెళ్లి అయిపోయాక.

ఫొటోలే ప్రాణమనుకునేవాళ్లకు రెండో ఖర్చు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అవ్వాలి. కెనాన్‌ది రూ.10 వేలకు అటూఇటుగా దొరుకుతుంది. జూమ్ లేదు, కాళ్లతోనే ముందుకూ వెనక్కూ నడవాలి. కానీ కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6 దగ్గర నీరసించే చోట ఇది దాదాపు పదింతలు వెలుగు లోపలికి రానిస్తుంది.

బడ్జెట్ అంత లేదంటే సెకండ్ హ్యాండ్. ఇప్పుడు దానికి మంచి కాలం. స్టూడియోలవాళ్లు మిర్రర్‌లెస్‌కి మారుతూ వదిలించుకుంటున్న డీఎస్ఎల్ఆర్‌లు మార్కెట్లో కుప్పలు. మైకు జాక్, తిరిగే తెర, వీడియోలో తడబడని ఫోకస్ మూడూ ఉన్న కెనాన్ 200డీ లాంటివి కొత్త 1500డీ కంటే తక్కువకు వస్తే వదులుకోకూడదు. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. లెన్సును విప్పి ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూస్తే సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది మరకలు నల్ల చుక్కలై కనిపిస్తాయి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో కూడా తెలుసుకోవాలి. డీ3500 లాంటి ప్రవేశ స్థాయి కెమెరాలను నికాన్ లక్ష సార్ల దాకా పరీక్షిస్తుంది. నికాన్ ఫొటోల్లోనే ఆ లెక్క దాగి ఉంటుంది, కెనాన్‌కి చాలావరకు విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. పెళ్లిళ్లు చేసిన కెమెరా అయితే మైకు గుచ్చి, ఆ జాక్‌ను కాస్త కదిలించి, గరగరమంటుందేమో వినాలి.

కుర్రకారులో ఈమధ్య 2000ల నాటి పాత కాంపాక్ట్‌ల పిచ్చి పట్టుకుంది. అటకల మీది కెమెరాలు మళ్లీ కిందికి దిగుతున్నాయి. ‘సీసీడీ సెన్సర్ రంగులే వేరు’ అన్నది వాళ్ల నమ్మకం. బెల్ ల్యాబ్స్‌లో 1969లో ఆ సెన్సర్‌ను కనిపెట్టిన విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో నోబెల్ వచ్చింది, దాని గొప్పతనానికి లోటు లేదు. ఆ రంగుల్లో మాత్రం సెన్సర్ కంటే అప్పటి ఫ్లాష్‌కీ, కంపెనీలు వేసిన రంగుల లెక్కకే ఎక్కువ వాటా. ఇంట్లో ఉంటే దుమ్ము దులిపి వాడుకోవచ్చు. డబ్బు పోసి కొనేముందు బ్యాటరీ ఇప్పుడు దొరుకుతుందా, కార్డు ఎస్‌డీయేనా అని చూసుకోవాలి. పాత ఒలింపస్, ఫుజీల్లో వాడిన ఎక్స్‌డీ కార్డులు తయారీయే ఆగిపోయాయి.

కొత్తది కొనేటప్పుడు ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా తమ్మీ’ అనే మాట వినపడుతుంది. జీఎస్‌టీ మొదలైనప్పుడు డిజిటల్ కెమెరాల మీద 28 శాతం ఉండేది, 2019 జనవరి 1 నుంచి 18కి దిగింది. ఆ 18 మిగుల్చుకోవాలనిపించడం సహజమే. సీరియల్ నంబరుతో బిల్లు లేకపోతే కంపెనీ వారంటీ ఉండదు, రేపు అమ్ముకునేటప్పుడు కొనేవాడు దొంగసొత్తేమోనని అనుమానిస్తాడు.

ఇంటికి తెచ్చాక మెనూలో ముందు మార్చాల్సింది ఒకటుంది. వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే పాల్‌కి మార్చి, షట్టర్ 1/50 పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంటాయి, కంటికి తెలియదు. 60 హెర్ట్జ్ దేశాల లెక్కలో తీస్తే వీడియో అంతా నల్లటి పట్టీలు పాకుతుంటాయి. కెమెరా పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లలో కొందరి జబ్బు ఇదే.

అరంగేట్రాల్లాంటి చోట మైకు తీగ వేదిక దాకా అందదు. అప్పుడు ఫోనే మళ్లీ పనికొస్తుంది. దాన్ని రికార్డర్‌గా పెట్టి స్పీకర్ పక్కనో, నట్టువాంగం చేసే గురువుగారి దగ్గరో ఉంచి, మొదట్లో కెమెరాకి వినపడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలపొచ్చు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, ఎక్కడైనా వానాకాలంలో, తేమే లెన్సుకు అసలు శత్రువు. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, ఆ తోలే తేమ పీల్చి పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, వంద రూపాయల తేమ మీటరు చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉంటే మంచిది. ఫంగస్ ఒకసారి గాజు మీది పూతను తినేశాక తుడిచినా మచ్చ పోదు. 18-55 కిట్ లెన్సుకైతే శుభ్రం చేయించే ఖర్చుకు ఇంకాస్త కలిపితే సెకండ్ హ్యాండ్‌లో మరో లెన్సే వచ్చేస్తుంది.